ఆంతోనీచరిత్రము

ఎడారిమును లనఁగానే ఒడలు శుష్కింపఁజేయు కఠోరనియమములే మనకు స్ఫురించును. గిబ్బను మొదలగు చరిత్రకారులు వారి భక్తిని మూఢావేశమని గర్హించిరి. ఆంతోనీచరిత్రమును శ్రద్ధగాఁ జదివినవారికి మాత్ర మా గర్హ పూర్తిగా సమంజసమని తోఁపదు.

ఐగుప్తుదేశీయుఁడగు ఆంతోని క్రీ. శ. 356లో దివంగతుఁడయ్యెను. అలెగ్జాండ్రియా పీఠాధిపతియగు అథనాసియసు కొలఁదికాలములోనే గ్రీకుభాషలో నాతని చరిత్రమును రచించెను. పాడువడిన కోటలో సుమారు 20 ఏండ్లు ఏకాంతముగా నుండిన మునిని, మిత్రులు తలుపు పెఱికి చూచిన ఘట్టము దీనికిఁ బ్రాణము. అస్థిపంజరమును జూడఁబోవుచున్నా మనుకొన్న పాఠకునకు, బలియక చిక్కక, హర్షవిషాదములకు లోఁబడక, మునుపటివలెనే యున్న మనుష్యుఁడు కానవచ్చును. అంతటి తపస్సునకు ఫలము సమత్వమని రచయిత వ్యాఖ్య యక్కఱలేకయే తెలిపినాఁడు.

అయితే, బాల్యమునఁ జదువు నొల్లనివాఁడని తానే చెప్పిన యాంతోనిచేత నీతఁడు దయ్యముల మాయలనుగూర్చి యంత దీర్ఘోపన్యాస మేల చేయించెనో! అందు మాటలాడునది ముని కాదు, పీఠాధిపతి.

మునుల సూక్తిసంకలనములలో నాంతోని వేఱుగాఁ గన్పట్టును. శిష్యులతోఁ బరిహాసమాడుచున్న యాతనిఁ జూచి యొక వేఁటకాఁడు నొచ్చుకొనెను. ముని వానిని విల్లు వంచి బాణము విడువు మనెను; మరల ననెను; మరల ననెను. ఇంకను వంచిన విఱుగునని వాఁడు చెప్పఁగా, సోదరుల విషయమును నట్టిదే యని ముని బదులు పలికెను. ఈ సంకలనములు తరువాతికాలమునఁ గూర్పఁబడినవి. ప్రామాణ్యమున నథనాసియసునకే పెద్దపీట వేయవలెను. ఐనను ఆ కోటతలుపు వెలుపల నిలిచిన మనుష్యుని గొంతు నాకు వేఁటకాని కథలోనే వినవచ్చుచున్నది.