ఒత్తిగిలించే వేళ

మే 12న నర్సుల దినోత్సవ సభల్లో మమ్మల్ని దేవతలంటారు. శాలువా కప్పించుకుని మళ్లీ డ్యూటీకి వస్తాం. నిజం చెప్పాలంటే, తెల్లవారుజామున నాలుగింటికి నాలో కరుణ పెద్దగా మిగలదు. కాళ్లు పీకుతుంటాయి. అయినా పక్షవాతంతో మంచం పట్టిన పేషెంటును పక్కకు ఒత్తిగిలించాల్సిందే. నా మనసు కరిగేదాకా ఆ పని ఆగకూడదు.

ఎవరి పుట్టినరోజుకి ఆ సభలు పెడతారో ఆ ఫ్లోరెన్స్ నైటింగేలే, పేషెంటుకు ఒరుపు పుండు (బెడ్‌సోర్) పడితే తప్పు చాలావరకు జబ్బుది కాదు, నర్సింగ్‌దేనని 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో కుండబద్దలు కొట్టింది. నేను సగమే ఒప్పుకుంటాను. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకో నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. రాత్రిపూట వార్డంతా ఒక్క మనిషి మీద నడిచేచోట తప్పెవరిదో వేరే చెప్పాలా?

మనకు నిద్రలో తిమ్మిరెక్కితే మనమే దొర్లుతాం. మంచం పట్టినవాళ్లకు ఆ దొర్లడం పోయింది. దాన్ని రెండు గంటలకోసారి మేం చేసిపెట్టాలి. తిప్పాక నడుం కింద, తుంటి దగ్గర, మడమల మీద చర్మం చూడాలి. ఎర్రబడినచోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టేనని పుస్తకాల్లో ఉంటుంది. మన నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? అందుకే టార్చి లైటు కన్నా నా వేళ్లనే ఎక్కువ నమ్ముతాను. చుట్టుపక్కల కన్నా వెచ్చగా, గట్టిగా తగిలిందంటే ఇక ఆ వైపు పడుకోబెట్టను. ట్రైనింగులో స్పిరిట్, పౌడర్ వేసి వీపు రుద్దడం నేర్పారు. కందినచోట రుద్దితే లోపలి కండ ఇంకా నలుగుతుందని ఇప్పుడు వద్దంటున్నారు. ఆ పౌడర్ వాసన మాత్రం నాకిప్పటికీ ఇష్టమే.

"ఇప్పుడే కునుకు పట్టింది సిస్టర్, కదపకండి" అని కొడుకులు బతిమాలతారు. "నువ్వూ ఓ చెయ్యి వెయ్యి నాయనా" అని పిలుస్తాను. ఈడిస్తే చర్మం లేచిపోతుంది, కింద మడిచి పరిచిన దుప్పటిని చెరో పక్కా పట్టుకుని ఎత్తి జరపాలి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఇంకొకటి. వెల్లకిలా ఉంటే పిక్కల కింద పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడాలి. రెండుసార్లు చేయిస్తే మూడోసారి వాళ్లే నన్ను లేపుతారు.

డిశ్చార్జి రోజున అందరూ మందుల చీటీ పట్టుకుని నిలబడతారు. నేను మాత్రం ఇంట్లో మంచం గోడకు ఆనించి ఉందా, రెండువైపులా మనిషి నిలబడే చోటుందా అని ముందు అడుగుతాను.