రోజుకో ఫ్రేము, నెలకో రీలు

ఎండలోకి వెళ్లి అరచెయ్యి చాపి, నేలమీద పడిన నీడ చూడండి. నీడ అంచు గీత గీసినట్టుంటే అపర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) 16. అంచు కాస్త మెత్తబడితే 11. నీడ ఉందా లేదా అన్నట్టుంటే 8. మబ్బు కమ్మేసి నీడే పడకపోతే 5.6. షట్టర్ వేగం మాత్రం మార్చనక్కర్లేదు. కెమెరాలో 400 స్పీడు రీలుంటే సెకనులో 500వ వంతు, 100 స్పీడు రీలుంటే 125వ వంతు పెట్టుకుంటే చాలు. ఫిల్ము వాడేవాళ్లు ‘సన్నీ సిక్స్‌టీన్’ అనే సూత్రం ఇదే. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, మీటరూ అక్కర్లేదు.

సూత్రం నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. అది కంటికి అలవాటు కావడానికి మాత్రం ఏడాది పడుతుంది, అదీ రోజూ సాధన చేస్తేనే. పాత కెమెరాతో రోజుకో ఫొటో తీసే అలవాటు నాకు ఇంత ఇష్టం కావడానికి కారణం ఇదే. ఫోను కూడా చక్కని ఫొటో తీస్తుంది, కాదనను. కాకపోతే ఎంత వెలుగు కావాలో అదే తేల్చేస్తుంది, మన కంటికి పని ఉండదు. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 లాంటి యాంత్రిక కెమెరా చేతిలో ఉంటే మీట నొక్కేముందే నిర్ణయం మనం తీసుకోవాలి. అది తప్పో ఒప్పో రీలు కడిగేదాకా తెలియదు. ఆ నిర్ణయం రోజూ తీసుకోవడమే ఇందులోని సాధన.

36 ఫొటోల రీలు మనకు సినిమా నుంచి వచ్చింది. ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్మును చిన్న కెమెరాలోకి ఎక్కించి, 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఫ్రేము ఖాయం చేశాడు. ఆ కెమెరా 1925లో లైకా పేరుతో బజారుకొచ్చింది. మన ఇళ్లలోకి కెమెరా వచ్చిన దారి వేరు. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీలో 120 రీలు వేస్తే పన్నెండు ఫొటోలు వచ్చేవి. ఎండ గుర్తు, మబ్బు గుర్తు చూసి మీట తిప్పుకోవడమే దాని లెక్క. అంటే నీడ చూసి వెలుగు అంచనా వేసే పని ఆ తరం ఎప్పటినుంచో చేస్తోందన్నమాట. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో మన దేశంలోనే ఫిల్ము తయారుచేసింది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు రీళ్లు విదేశాల నుంచే రావాలి. రీలు, కడగడం, స్కానింగు అన్నీ కలిపితే వెయ్యి రూపాయలు దాటుతుంది. రోజుకొకటే తీయడానికి ఇదీ ఒక కారణం. నెలకో రీలంటే మధ్యతరగతి జీతానికి అందే ఖర్చే.

రోజూ కొత్త చోటు వెతకొద్దని నా సలహా. నాది బెజవాడ, ఏలూరు కాలువ గట్టు. అదే గట్టు, అదే 50 మిల్లీమీటర్ల లెన్సు, ఉదయం ఏడున్నర. డిసెంబరులో ఆ వేళ పొగమంచు వల్ల 400 రీలుకు కూడా అపర్చర్ 4 దాకా తెరవాలి. మే నెలలో అదే వేళకు నీడ గీత గీసినట్టుంటుంది. చోటు మారకపోతే మారే వెలుగు కనిపిస్తుంది. రోజూ కొత్త ఊరు తిరిగితే ఊరే కనిపిస్తుంది.

గట్టు పక్కన టార్పాలిన్ కింద ఇడ్లీ బండి ఉంటుందనుకోండి. వెనక రోడ్డుమీద ఎండ, దానికి 16 కావాలి. టార్పాలిన్ కింద ఇడ్లీ తీస్తున్న మనిషి ముఖానికి 4 కావాలి. రెంటికీ మధ్య నాలుగు మెట్ల తేడా, అంటే పదహారు రెట్ల వెలుగు. ఏది ఎంచుకోవాలి? నలుపు తెలుపు నెగటివ్ వెలుగు ఎక్కువైతే తట్టుకుంటుంది. తక్కువైతే నీడలో ఏమీ మిగలదు, తర్వాత ఎంత తంటాలు పడ్డా రాదు. అందుకే ముఖానికే లెక్క కట్టి 4 దగ్గర పెడతాను. కుక్కర్ మూత తీసినప్పుడు లేచిన ఆవిరి వెనక ఎండ తగిలి తెల్లగా మెరుస్తుంది. ఆ తెలుపు నెగటివ్‌లో చిక్కటి నలుపుగా కూర్చుంటుంది, ప్రింటు వేసేటప్పుడు ఆ భాగానికి కాస్త ఎక్కువ వెలుగిచ్చి దాన్ని తిరిగి రాబట్టుకోవచ్చు. ముఖం నల్లబడితే మాత్రం రాబట్టుకునేదేమీ ఉండదు.

జేబులో చిన్న నోటుబుక్కు తప్పనిసరి. ఫ్రేము నంబరు, తేదీ, షట్టర్, అపర్చర్, ఎందుకు అలా పెట్టామో ఒక్క ముక్క రాసుకోవాలి. నెలాఖరున నెగటివ్‌ను కిటికీ దగ్గర పట్టుకుని ఆ పుస్తకంతో పోల్చి చూడాలి. ఎన్ని పాఠాలు విన్నా రాని జ్ఞానం ఈ పోలికలో వస్తుంది.

ఇక రీలు కడగడం. నలుపు తెలుపు రీలైతే ఇంట్లోనే కడుక్కోవచ్చు, డార్క్ రూమ్ అక్కర్లేదు. వెలుగు చొరబడని నల్ల సంచిలో చేతులు దూర్చి రీలును ట్యాంకులోని చక్రానికి చుట్టి మూత బిగిస్తే, తక్కిన పనంతా వంటింటి గట్టుమీదే. కొడాక్ వాళ్ల డి-76 డెవలపర్ 1927 నాటిది, ఇప్పటికీ దొరుకుతుంది. వెలుగు తగిలిన వెండి లవణాలను అది నల్లటి వెండిగా మారుస్తుంది. వెలుగు తగలని లవణాలను తర్వాత పోసే హైపో అనే రసాయనం కరిగించేస్తుంది. హైపోకున్న ఈ గుణాన్ని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు, అప్పటికి ఫొటోగ్రఫీ ప్రపంచానికి పరిచయమే కాలేదు.

మన దగ్గర అసలు చిక్కు ఉష్ణోగ్రతతో వస్తుంది. పుస్తకాల్లో లెక్కలన్నీ 20 డిగ్రీలకు రాసినవి. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 రీలును నీళ్లు కలపని డి-76లో ఏడున్నర నిమిషాలు ఉంచాలని చెబుతారు. బెజవాడలో మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి చుర్రుమనే నీళ్లొస్తాయి. వేడి పెరిగితే డెవలపర్ జోరు పెరుగుతుంది, సమయం తగ్గించాలి. ఐదు నిమిషాలకంటే తగ్గితే ఫిల్ము మీద మరకలు మరకలుగా తేలే ప్రమాదముంది. అందుకని సీసాలన్నిటినీ ఐసు వేసిన టబ్బులో నిలబెట్టి 24 డిగ్రీలకు దించుతాను. డెవలపర్‌నొక్కదాన్నే చల్లబరిచి వేడి నీళ్లతో కడిగితే ఫిల్ము పూత ముడతలు పడుతుంది, కాబట్టి కడిగే నీళ్లూ అదే వేడిలో ఉండాలి. నిమిషానికోసారి పది సెకన్లపాటు ట్యాంకును తలకిందులు చేస్తూ, చివర గట్టుమీద ఒక్కసారి తట్టాలి. తట్టకపోతే గాలి బుడగలు అంటుకుని గుండ్రటి మచ్చలు పడతాయి.

ఇంత శ్రమా రోజుకొక్క ఫొటో కోసమా అని అడిగేవాళ్లున్నారు. న్యూయార్క్‌కు చెందిన జేమీ లివింగ్‌స్టన్ 1979 మార్చి 31 నుంచి రోజుకొక పోలరాయిడ్ తీశాడు. 1997 అక్టోబరు 25న, తన పుట్టినరోజునాడే చనిపోయేదాకా ఆ అలవాటు మానలేదు. అందులో స్నేహితులు, భోజనాలు, వీధులు, చివరికి తన జబ్బు కూడా ఉన్నాయి. విడిగా చూస్తే చాలా ఫొటోలు మామూలివి. వరసగా చూస్తే అది ఒక మనిషి జీవితం. పెళ్లిళ్లకూ పండగలకూ మాత్రమే కెమెరా తీసేవాళ్ల దగ్గర ఈ వరస ఉండదు.

నెగటివ్ మరో ధీమా కూడా ఇస్తుంది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు పలకల నెగటివ్‌లు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వాటిని చూడటానికి వెలుగు తప్ప వేరే యంత్రం అక్కర్లేదు.

ఈ సరదాలో ఒక ఉచ్చు ఉంది, గట్టిగానే చెప్పాలి. పాత కెమెరాలు అందంగా ఉంటాయి, ఒకటి కొన్నాక రెండోది, పదోది కొనాలనిపిస్తుంది. షోకేసు నిండుతుంది, ఫొటోలు మాత్రం ఉండవు. ఏడాది నిండేదాకా ఒకే కెమెరా, ఒకే లెన్సు, ఒకే రకం రీలు వాడాలి. చేతికి కొలతలు అలవాటయ్యేది అప్పుడే.

అటక మీద నాన్నదో తాతదో కెమెరా ఉంటే పాతసామాను వాడికి వేసేయకండి. రీలు లేదని రూఢి చేసుకుని వెనక తలుపు తెరవండి. షట్టర్‌ను ఒక సెకను దగ్గర పెట్టి నొక్కి, నిజంగా ఒక సెకను తెరుచుకుంటోందో లేదో చూడండి. నెమ్మది వేగాలే ముందు మొరాయిస్తాయి. లెన్సులోంచి టార్చి వేసి చూస్తే సాలెగూడులాంటి పోగులు కనిపించొచ్చు, అది ఫంగస్. కొద్దిగా ఉంటే మెకానిక్ శుభ్రం చేస్తాడు. తలుపు అంచుల్లోని స్పాంజి జిగటగా మారితే కొత్తది అతికించాలి, లేకపోతే వెలుగు లోపలికి కారుతుంది. కోస్తా ఊళ్లలో ఉంటే కెమెరాను తోలు సంచిలో దాచకండి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే నలుపు తెలుపు రీలొకటి కొనండి, రేపు ఉదయం మీ వీధిలోనే మొదటి ఫ్రేము తీయండి.