ఉత్తర అరేబియా వేటచిత్రాలు: వ్యాఖ్యానానికి హద్దులు

ఇస్లాంకు పూర్వపు అరేబియా అనగానే జాహిలియ్యత్ అన్న ఒక్క మాటతో పుట తిప్పివేసే అలవాటు ముస్లిం పాఠకలోకంలో బలంగా ఉంది. జాహిలియ్యత్ అన్నది సన్మార్గ విషయంలోని అజ్ఞానానికి పేరేగాని, చేతినేర్పు లేకపోవడానికి పేరు కాదు. సౌదీ అరేబియాలోని హాయిల్ ప్రాంతపు శిలాచిత్రాలు ఈ భేదాన్ని చక్కగా తెలియజేస్తాయి. అయితే శిల చెప్పేదెంత, వ్యాఖ్యాత దానిచేత చెప్పించేదెంత అన్నది తేల్చుకోవలసిన విషయం.

నఫూద్ ఎడారిలోని జుబ్బా వద్ద ఉమ్ము సిన్మాన్ కొండ, దక్షిణాన షువైమిస్ కొండలు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. నేడు ఇసుక పరచుకున్న జుబ్బాలో ఒకప్పుడు సరస్సు ఉండేది. మరియా గ్వాన్యిన్, ఆంజెలా పెర్రీ, మైకేల్ పెట్రాగ్లియా 2018లో ప్రచురించిన పరిశోధన ఈ రెండు స్థలాలలోనూ కుక్కలు పాల్గొన్న 147 వేట దృశ్యాలను నమోదు చేసింది. వాటిలో విల్లు ధరించిన వేటగాడున్నాడు, మృగాన్ని చుట్టుముట్టిన కుక్కలున్నాయి. కొన్నిచోట్ల కుక్క మెడనుంచి వేటగాని నడుముదాకా ఒక గీత సాగింది.

మాయిదా సూరా 4వ వాక్యం చదివిన ముస్లింకు ఈ దృశ్యం కొత్తగా తోచదు. శిక్షణ పొందిన వేటజంతువు పట్టినదాన్ని ఆ వాక్యం ధర్మసమ్మతం చేసింది. ఆ శిక్షణ సైతం అల్లాహ్ నేర్పిన విద్యలోనిదేనని గుర్తుచేసింది. కాని ఇంతమాత్రంచేత చిత్రానికీ వాక్యానికీ నడుమ తెగని పరంపర ఉన్నదనడం తొందరపాటు. అసలు ఆ గీత తాడేనా, లేక మనిషికీ కుక్కకూ గల సంబంధానికి సంకేతమా అన్నది నిశ్చయం కాలేదు. కాలనిర్ణయమూ అటువంటిదే. పశువుల మందల చిత్రాలకంటే ముందరి పొరలో వేటకుక్కలు ఉండడాన్నిబట్టి వీటిని క్రీస్తుపూర్వం 7వ, బహుశా 8వ సహస్రాబ్దికి చెందినవిగా అంచనా వేశారు. పొరల వరుస ఏది ముందో ఏది వెనుకో చెబుతుందిగాని, అదొక్కటే సంవత్సరం చెప్పలేదు.

పోలికను నమ్ముకుంటే ఎంత పొరపాటు జరుగుతుందో అల్ జౌఫ్ ప్రాంతపు ఒంటె శిల్పాలు నిరూపించాయి. 2018లో వాటిని సుమారు 2,000 ఏళ్లనాటివన్నారు. పనిముట్ల గుర్తులను, రాతి అరుగుదలను పరీక్షించిన 2021 నాటి పరిశోధన వాటి వయస్సును సుమారు 7, 8 వేల ఏళ్లకు జరిపింది.

దీనికి భిన్నమైన, గట్టి సాక్ష్యం ఒకటుంది. ఎడారిలో కిలోమీటర్ల పొడవున రెండు రాతిగోడలు సాగి, క్రమంగా దగ్గరై ఒక ఆవరణలో ముగుస్తాయి; దాని అంచున గుంటలుంటాయి. జింకల మందను అందులోకి తోలి పట్టేవారు. ఆకాశంనుంచి గాలిపటంలా కనిపించే ఈ కట్టడాలను గురించి బ్రిటిష్ వైమానికుడు మెయిట్‌లాండ్ 1927లో వ్యాసం రాశాడు. రెమీ క్రసార్ బృందం 2023లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, జోర్డాన్‌లోని జిబాల్ అల్ ఖషాబియ్యాలోనూ, సౌదీలోని జబల్ అజ్ జిల్లియ్యాత్‌లోనూ ఇటువంటి ఉచ్చుల నమూనాలు కొలత ప్రకారం రాతిపై చెక్కి ఉన్నాయి. వాటిలో మొదటిది సుమారు 1:425 నిష్పత్తిలో ఉంది. నేలమీద నిలిచి చూస్తే ఒక్కచూపులో అందని ఆకారాన్ని ఆ వేటగాళ్లు మనస్సులో నిలుపుకొని చిన్న రాతిపైకి దించారు. ఇక్కడ వ్యాఖ్య పోలికమీద ఆగలేదు. రాతిమీది గీతను నేలమీది గోడతో సరిచూడవచ్చు.

ఈ కొలబద్దనే ముస్లిం రచయితలూ తమకు వర్తింపజేసుకోవాలి. జుబ్బా శిలలపైగల ప్రాచీన శాసనాలకు యూరపు పండితులు "సమూదిక్" అని పేరుపెట్టారు. అది పలు లిపులను ఒకచోట చేర్చిన సౌకర్యపు పేరేగాని, సాలిహ్ ప్రవక్త (అలైహిస్సలాం) జాతివారే వాటిని రాశారనడానికి రుజువు కాదు. పేరును చూసి ఎడారిలోని ప్రతి గీతనూ ఆద్, సమూద్ జాతులకు అంటగట్టడం ఖుర్ఆన్‌కు సేవ కాదు. దివ్యవాణి సత్యం అటువంటి ఊతలపై ఆధారపడి లేదు; రేపు ఆ ఊత విరిగితే అపహాస్యం పాలయ్యేది మాత్రం ధర్మమే.

చిత్రలేఖనం విషయంలో ధర్మశాస్త్ర విధి వేరు, గతించినవారి గుర్తులను పరిశీలించడం వేరు. భూమిపై సంచరించి చూడమని ఖుర్ఆన్ పలుమార్లు ఆహ్వానించింది. చూడనిదాన్ని చూసినట్లు చెప్పకపోవడం ఆ ఆహ్వానాన్ని మన్నించడంలో భాగమే.