ఒకదాన్నొకటి ఎరగని మూడు వ్యాకరణాలు

పోయిన త్రైమాసిక పరీక్షలో తమిళం పేపరుకు మా ఊరి జాతర గురించి వ్యాసం రాసినాను. రెండు పేజీలు. చేతిరాత బాగుందని టీచరు పక్కన రాసింది గూడా. కానీ మూడో వరసలో ఒక మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉండె. నేను రాసింది ‘అమ్మా వందదు’ అని. అమ్మ వచ్చింది అని నా మనసులో మాట. తమిళంలో ‘అమ్మా వందాళ్’ అని రాయాల, మర్యాదగా రాయాలంటే ‘వందార్’ అనాల. ‘వందదు’ అంటే ఆవు వచ్చిందనో బస్సు వచ్చిందనో అర్థం.

మా ఇంటి పక్కన తమిళం మీడియంలో చదివే నా స్నేహితురాలు ఆ పేపరు చూసి, “మీ తెలుగోళ్ళ ఇండ్లల్లో అమ్మ అఃఱిణైనా?” అని నవ్వింది. తమిళ వ్యాకరణంలో మనుషులూ దేవుళ్ళూ ఉయర్‌తిణై, అంటే పై తరగతి. మిగిలినవన్నీ అఃఱిణై. నవ్వింది కోపంతో కాదు, మేము రోజూ కలిసి ఆడుకునేవాళ్ళమే. మార్కు పోతే పోయింది. ఆ నవ్వుకు జవాబు చెప్పలేకపోయినానే అని నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. పదో తరగతికొచ్చినాను. మూడు భాషల వ్యాకరణం ఇన్నేండ్లుగా చదువుతుండాను. మా అమ్మను నేను ఎందుకు ‘వందదు’ అన్నానో నాకే తెలీదు.

దసరా సెలవుల్లో మా తెలుగు, తమిళం, ఇంగ్లీషు పుస్తకాల్లో వ్యాకరణం ఉన్న పేజీలన్నీ పక్కపక్కన పెట్టుకొని చదివినాను. ఈ వ్యాసం ఆ మూడింటి మీద నా విమర్శ. నేను పండితురాలిని కాను. కానీ ఈ మూడూ ఒకే బుర్రలోకి ఎక్కించుకోవాల్సింది నేనూ నా తోటిపిల్లలే కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటాను.

ముందు అవ్వ చెప్పిన సంగతి. మా అవ్వ బడికి పోలేదు. హోసూరు సంతలో కన్నడమోళ్ళతో కన్నడంలో, అరవమోళ్ళతో అరవంలో బేరం చేస్తుంది. “అవ్వా, మనం ఆవొచ్చినా ‘వచ్చింది’ అంటాము, అమ్మొచ్చినా ‘వచ్చింది’ అంటాము, ఏమి ఇది?” అని అడిగినాను. అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తానే, “ఒకతి వస్తే అంతే. ఇద్దరు ఆడోళ్ళొస్తే ఏమంటావు?” అనింది. వచ్చిరి అంటాను. “రెండు ఆవులొస్తే వచ్చిరి అంటావా?” అనింది.

నేను లేచి నిలబడిపోయినాను. నిజమే గదా! ఆవులు వచ్చాయి. ఆడవాళ్ళు వచ్చారు. తెలుగులో ఆడమనిషి ఒక్కతే ఉన్నప్పుడు క్రియ ఆమెను ఆవుతో కలిపి చెప్తుంది. ఇద్దరయితే మగవాళ్ళతో కలిపి చెప్తుంది. ‘వాళ్ళు వచ్చారు’ అన్నప్పుడు అందులో ఆడవాళ్ళున్నారో మగవాళ్ళున్నారో తెలీదు, మనుషులని మాత్రం తెలుస్తుంది. తమిళంలో దీనికి ఐదు గళ్ళు: వందాన్, వందాళ్, వందార్కళ్, వందదు, వందన. దీన్ని వాళ్ళు ఐంబాల్ అంటారు. మనకు నాలుగే: వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. వాళ్ళ ఐదు గళ్ళల్లో రెండు మనకు ఒకే గడిగా కలిసిపోయినాయి. నా తప్పంతా ఆ కలిసిన గడిలో ఉంది. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్ల తమిళం రాస్తే అక్కడే కాలు జారుతుంది, ఇంకెక్కడా కాదు.

బడి తెరిచినాక మా తెలుగు అయ్యవారికి చెప్తే ఆయన నవ్వి, బీరువాలోంచి బాలవ్యాకరణం తీసిచ్చినారు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన పుస్తకం అది. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడు. అంటే చుట్టూ తమిళం వినబడే చోట కూర్చుని తెలుగుకు వ్యాకరణం కట్టినాడన్న మాట, మా మాదిరే. అందులో మగవాళ్ళను చెప్పే మాటలకు మహత్తులు అనీ, ఆడవాళ్ళను చెప్పేవాటికి మహతులు అనీ, మిగిలినవాటికి అమహత్తులు అనీ పేర్లున్నాయి. ఆడవాళ్ళ మాటలు ఏకవచనంలో ఒక పక్క, బహువచనంలో ఇంకో పక్క చేరడం ఆయన గమనించినాడు. మా అవ్వ చిక్కుడుకాయల దగ్గర చెప్పిందీ అదే. మగవాళ్ళకే ‘మహత్తు’ అని ఎందుకు పేరు పెట్టినారో అని నాకు ఒళ్ళుమండింది గానీ, అది వేరే వ్యాసం.

ఇంక మా పాఠ్యపుస్తకం. అందులో మహత్తు, అమహత్తు అని రెండు వరసల్లో చెప్పి వదిలేసినారు, ఉదాహరణకు రాముడు, చెట్టు అని ఇచ్చినారు. సీత ఎక్కడుంది? అమ్మ ఎక్కడుంది? చిక్కంతా ఉన్న చోటే పుస్తకం మౌనంగా ఉంది. తమిళం పుస్తకం ఐంబాల్ చక్కగా గళ్ళు గీసి చూపిస్తుంది, కానీ అది తమిళం ఇంట్లో పుట్టిన పిల్లకు రాసింది. ‘వందాళ్’ ఆమెకు పాలు తాగినప్పటి నుంచీ వచ్చు. మాకు ఏది రాదో ఆ పుస్తకానికి తెలీదు. తెలిసిన తెలుగు పుస్తకమేమో చెప్పదు.

రెండో విమర్శ వాక్యం గురించి. బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి. సంజ్ఞ, సంధితో మొదలయి, క్రియ ఎనిమిదోదానిలో వస్తుంది. వాక్యానికని విడిగా ఒక పరిచ్ఛేదమే లేదు. ఆ కాలానికి అది తప్పనలేము, వాళ్ళకు పద్యం చదవడానికీ రాయడానికీ మాట రూపం ముఖ్యం. కానీ మా పుస్తకం గూడా ఇప్పటికీ ఆ దారిలోనే నడుస్తుంది. సంధులు, సమాసాలు, ఛందస్సు, అలంకారాలు వరసగా వచ్చి, వాక్యాలు చివర తోకలాగా ఉంటాయి. నాకు గుణసంధి కంఠతా వచ్చు. ఒక వాక్యాన్ని విప్పి చూడడం రాదు. చేకూరి రామారావు గారు 1975లో ‘తెలుగు వాక్యం’ అని పూర్తిగా వాక్యం మీదే పుస్తకం తెచ్చినారని అయ్యవారు చెప్పినారు. అర్ధశతాబ్దం గడిచింది. అందులోని వెలుతురు మా పేజీల్లోకి కొంచెమన్నా పడాల గదా.

మా నోట్సులో వాక్యమంటే కర్త, కర్మ, క్రియ అని రాసుంది. సరే. ‘మా నాయన రైతు’. దీంట్లో క్రియ ఏది? లేదు. అయినా ఇది నిండు వాక్యమే. క్రియారహిత వాక్యం అని తరవాతెక్కడో ఒక మూల చెప్తారు, ఏదో అరుదైన వింత జంతువు మాదిరి. కానీ మేము రోజంతా మాట్లాడేది ఇవే: ఇది మా బడి, వాడు మా తమ్ముడు, రేపు సెలవు. ఈ విషయంలో తమిళ వ్యాకరణాన్ని మెచ్చుకోవాల. వాళ్ళు క్రియ అనకుండా ‘పయనిలై’ అంటారు. వాక్యం ఎక్కడికి వచ్చి ముగుస్తుందో అది పయనిలై. అది క్రియ కావచ్చు, పేరు కావచ్చు, ప్రశ్న కావచ్చు, మూడింటికీ మూడు పేర్లు పెట్టినారు. ‘రైతు’ అన్న మాట అక్కడ హాయిగా ఇమిడిపోతుంది. ఆ ఒక్క మాట నాకు ఆరో తరగతిలో తెలుగు గంటలో చెప్పుంటే ఎంతో బాగుండేది.

తమిళంలో లేని సొగసు ఒకటి మనకుంది గూడా. తమిళంలో ‘నాన్ మాణవి’ అంటే చాలు. తెలుగులో ‘మేము పిల్లలము’, ‘నువ్వు మంచిదానివి’, ‘నేను పండితురాలిని’ అని పేరుకు గూడా చివర తోక తగిలిస్తాము. క్రియ లేకపోయినా ఎవరు మాట్లాడుతున్నారో ఆ తోక చెప్తుంది. పైన నేను ‘పండితురాలిని కాను’ అని రాసినప్పుడు ఎవరూ నాకు చెప్పియ్యలేదు, దానంతట అదే వచ్చింది. ఇంత అందమైన సంగతి మా పుస్తకంలో పాఠంగా లేదు.

ఈ క్రియ లేని వాక్యాలే ఇంగ్లీషు పరీక్షలో మా ప్రాణం తీసేది. మా క్లాసులో సగం మంది మొదట ‘మై ఫాదర్ ఫార్మర్’ అని రాసేవాళ్ళు. టీచరు ప్రతిసారీ ‘ఈజ్ ఎక్కడ, ఈజ్ ఎక్కడ’ అని కొట్టేసి కొట్టేసి, ఇప్పుడు అదే పిల్లలు ‘మై ఫాదర్ ఈజ్ గో టు ఫీల్డ్’ అని రాస్తారు. లేని చోట పెట్టమంటే అన్నిచోట్లా పెట్టేసినారు. దీన్ని అందరూ అజాగ్రత్త అంటారు. నాకు కాదనిపిస్తుంది. తెలుగులో ఆ చోటు ఖాళీగా ఉంటుంది, ఇంగ్లీషులో ఆ చోట ఒక మాట కూర్చోవాల, కానీ వేరే క్రియ అప్పటికే కూర్చుని ఉంటే అక్కర్లేదు అని ఒక్కసారి రెండు భాషలూ పక్కన పెట్టి చెప్తే చాలు.

ఇంగ్లీషు గంటలో మాకు నేర్పిన ఉపాయం ఒకటుంది: తెలుగు వాక్యంలో క్రియను తీసుకొచ్చి కర్త పక్కన పెడితే ఇంగ్లీషు వస్తుంది. ‘నేను మామిడిపండు తిన్నాను’ దగ్గర పనిచేస్తుంది. ‘నాకు ఆకలేస్తుంది’ దగ్గర కూలిపోతుంది. ‘నాకు ఇద్దరు అక్కలుండారు’ దగ్గర కూలిపోతుంది. ఇంగ్లీషులో ఆకలిగా ఉండేది నేను, అక్కల్ని కలిగి ఉండేదీ నేను. తెలుగులో ఆకలి నాకు వేస్తుంది, అక్కలు నాకు ఉంటారు. ‘హ్యావ్’ అన్న దానికి సరిగా సరిపోయే క్రియే మన దగ్గర లేదు. తమిళంలోనూ అంతే, ‘ఎనక్కు పసిక్కిఱదు’, ‘ఎనక్కు ఇరండు అక్కా ఇరుక్కిఱార్కళ్’. చూసినారా, ఇక్కడ తెలుగూ తమిళమూ అక్కాచెల్లెళ్ళ మాదిరి ఒకే పక్క నిలబడినాయి. ‘అమ్మ వచ్చింది’ దగ్గర విడిపోయినవి ఇక్కడ కలిసినాయి.

మాటల వరస సంగతి గూడా అంతే. ‘పులి మేకను తిన్నది’, ‘మేకను పులి తిన్నది’, ఎట్ల చెప్పినా చచ్చేది మేకే. ఆ ‘ను’ మేకను వదిలిపెట్టదు. తమిళంలో ‘ఆట్టై’ అన్నా అదే పని. ఇంగ్లీషులో రెండు మాటలూ చోటు మార్చుకుంటే మేక పులిని తినేస్తుంది. మనకు తోక చేసే పనిని వాళ్ళకు చోటు చేస్తుంది. క్రియ గూడా చూడండి: ‘వచ్చాను’ అంటే నేనే అని తెలుస్తుంది, ‘వందేన్’ అన్నా తెలుస్తుంది. ఇంగ్లీషులో ‘కేమ్’ అంటే ఎవరో తెలీదు, అందుకే కర్తను వదలకూడదు. ఇది తెలిసినాక నాకు ఇంగ్లీషు మీద భయం కొంచెం తగ్గింది. అంతకు ముందు అది ఊరికే మనల్ని ఏడిపించడానికి పెట్టిన రూలు అనుకునేదాన్ని.

ఇంగ్లీషు పుస్తకం నుంచి తెలుగు పుస్తకంలోకి వచ్చి కూర్చున్నట్టుండేది ఒకటుంది, కర్మణి వాక్యం. ‘రవి పాఠం చదివినాడు’ అన్నదాన్ని ‘రవిచేత పాఠం చదవబడింది’ అని మార్చమంటారు. రెండు మార్కులు. ఇంట్లో నేను గట్టిగా చదువుతుంటే అవ్వ వంటింట్లోంచి “ఎవురే బడింది? దెబ్బ తగిలిందా?” అని పరిగెత్తుకొచ్చింది. అంతకంటే నేను చెప్పేదేమీ లేదు.

అన్నీ తప్పులే చెప్తుండాను అనుకోవద్దు. మా తెలుగు పుస్తకంలో సంక్లిష్ట, సంయుక్త వాక్యాల పాఠం నాకు బాగా నచ్చింది. ‘అన్నం తిని, బడికి పోయి, పాఠం విన్నాను’ అని ఒకే కర్తతో ఎన్ని పనులైనా దారం గుచ్చినట్టు గుచ్చవచ్చని అక్కడ విడమరిచి చెప్పినారు. తమిళంలో ‘సాప్పిట్టు, పోయి’ అని ఇట్లే గుచ్చుతారు. అక్కడ ఒక్క వరస, ‘మీరు చదివే తమిళంలో గూడా ఇట్లే ఉంటుంది, చూడండి’ అని రాసుంటే! పుస్తకం రాసినవాళ్ళకు మేము హోసూరులో కూర్చుని చదువుతామని గుర్తుండి ఉండదు.

ఇట్ల పోల్చి చెప్పడం కొత్తదా అంటే కాదు. 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ ఇంగ్లీషులో రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది. దాని ముందుభాగంలో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ అనే దొర తెలుగు, తమిళం, కన్నడం మాటల మూలాలను పక్కపక్కన పేర్చి, ఇవి ఒకే కుటుంబమని చూపించినాడు. కాల్డ్‌వెల్ పుస్తకం 1856లో రావడానికి నలభై ఏండ్ల ముందు మాట ఇది. అంటే మన భాషలు అక్కాచెల్లెళ్ళని అచ్చులో చెప్పింది ఒక తెలుగు వ్యాకరణం మొదటి పేజీల్లోనే, అదీ తమిళ దేశంలోనే. రెండు వందల ఏండ్ల తరవాత మా సంచిలో ఆ అక్కాచెల్లెళ్ళు మూడు గంటలకు మూడు వేరే పుస్తకాలుగా, ఒకరి ముఖం ఒకరు చూడకుండా పడుకొని ఉండారు.

నా స్నేహితురాలికి జవాబు చెప్పినాను. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అని నేలమీద బొగ్గుతో నాలుగు గళ్ళు గీసి, పక్కన వాళ్ళ ఐదు గళ్ళు గీసినాను. ఆ పిల్ల చాలాసేపు చూసి, “అయితే మీకు ఇద్దరు అమ్మలొస్తే ఉయర్‌తిణై, ఒక అమ్మొస్తే కాదా?” అనింది. అవును అన్నాను. ఈసారి ఇద్దరమూ నవ్వినాము.

మా తమ్ముడు ఆరో తరగతి. మొన్న వాడి తమిళం నోటుబుక్కు తీస్తే ‘అక్కా వందదు’ అని ఉంది. కొట్టెయ్యలేదు. వెనక పేజీలో అవే గళ్ళు పెన్సిలుతో గీసిచ్చినాను. వాడు చూసి, “మరి ఇంగ్లీషులో ఎన్ని గళ్ళు?” అని అడిగినాడు. ‘కేమ్’ అని ఒకటే గడి అన్నాను. “అయితే ఇంగ్లీషే సులభం” అని నోటుబుక్కు మూసి ఆటకు పోయినాడు. వాడింకా ‘కమ్స్’ దాకా రాలేదు.