ఒకే రూపు, వేరు జాతులు: దోమలను పోల్చుకునే విద్య

దోమ జాతిని పోల్చుకునే పని నీళ్లలోని లార్వాతో మొదలవుతుంది. హైదరాబాదులో ఆబిడ్స్ దుకాణాల కింది సంపులోనో, నాంపల్లి లాడ్జీ మీది ట్యాంకులోనో గరిటె ముంచి, ఆ నీళ్లు తెల్ల పళ్లెంలో పోస్తే సగం సంగతి అక్కడే తేలుతుంది. శ్వాసగొట్టం కొన నీటి పైకి పెట్టి తలకిందులుగా వేలాడేవి క్యూలెక్స్, ఏడిస్. గొట్టం పొడుగ్గా ఉండి రోమాల కుచ్చులు చాలా ఉంటే క్యూలెక్స్. పొట్టిగా, ఒకే జత కుచ్చులతో ఉంటే ఏడిస్. అనాఫిలిస్‌కు గొట్టమే లేదు, నీటిపొర కింద అడ్డంగా పడుకుంటుంది. ఏడిస్‌లో ఈజిప్టై, ఆల్బోపిక్టస్‌లను విడదీయడానికి మాత్రం మైక్రోస్కోపు కావాలి: ఎనిమిదో ఖండం మీది దువ్వెన పళ్లకు పక్క ముళ్లుంటే ఈజిప్టై.

1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసినప్పుడు ఆయన చేతిలో ఉన్న ఆనవాలు ఎదిగిన దోమ రెక్కల మీది మచ్చలే. నగర మలేరియాకు వాహకమైన అనాఫిలిస్ స్టీఫెన్సైకి శాస్త్రీయ నామం దక్కింది ఆ తర్వాత నాలుగేళ్లకు, 1901లో.

రూపం చెప్పలేని చోట క్రోమోజోము చెబుతుంది. పల్లెల్లో మలేరియా మోసే అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ చాలాకాలం ఒకే జాతిగా చెలామణీ అయింది. గుడ్లు సగం ఎదిగిన దశలో ఉన్న ఆడదోమ అండాశయాన్ని తీసి, ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లాల మిశ్రమంలో నిలవ చేసి, రంగు పట్టించి, గాజుపలకల మధ్య నొక్కితే పాలిటీన్ అనే పెద్ద క్రోమోజోములు పరుచుకుంటాయి. వాటి మీది అడ్డపట్టీల వరుస ఒక్కోచోట తిరగబడి ఉంటుంది, దండలో కొన్ని పూసలు తిప్పి గుచ్చినట్టు. ఇలా తిరగబడడమొక్కటే వేరు జాతికి రుజువు కాదు. రెండు వరుసల దోమలూ ఒకే ఊళ్లో ఉండి, ఆ రెంటినీ చెరోవైపు నుంచి పొందిన సంతానం ఎక్కడా దొరక్కపోతేనే అవి జతకట్టడం లేదని తేలుతుంది. 1980లో గ్రీన్, మైల్స్ ఈ తర్కంతోనే ఎ, బి జాతులను వేరు చేశారు. తర్వాత సి, డి చేరాయి. ఎ మలేరియాను మోస్తుంది, బి దాదాపు మోయదు. రెంటినీ కలిపి లెక్కగడితే మందు చల్లాల్సిన ఊరేదో తెలియకుండా పోతుంది.

ఆఫ్రికాలో నదీ అంధత్వాన్ని వ్యాపింపజేసే నల్ల ఈగ సిమ్యూలియం డామ్నోసమ్‌నూ 1975లో వజిమే, డన్‌బార్ ఇలాగే పలు జాతులుగా విడదీశారు. అక్కడ పట్టీలు చదివింది లార్వా గ్రంథుల్లో.

మళ్లీ క్యూలిసిఫేసీస్ దగ్గరికి వస్తే, రామేశ్వరంలో పట్టీలూ చాలలేదు. బి లాంటి వరుసలే ఉన్న కొన్ని దోమలు మలేరియాను మోస్తున్నాయి. ఆడదోమ చేత గుడ్లు పెట్టించి, పుట్టిన మగ లార్వాల మెదడు కణాల్లో వై క్రోమోజోము ఆకారం చూశాకే అవి ఐదో జాతి, ఇ, అని 1999లో నిర్ధారణైంది. ఇప్పుడు పీసీఆర్ పరీక్షతో చచ్చిన దోమనూ గుర్తించవచ్చు. అయినా క్యూలిసిఫేసీస్‌లో మొదటి పరీక్ష ఎ, డి లను ఒక గుంపుగా, బి, సి, ఇ లను మరో గుంపుగా మాత్రమే విడదీస్తుంది. గుంపులోపలి జాతి తేలడానికి రెండో పరీక్ష చేయాలి.