అభిప్రాయముల పుస్తకము

పుస్తకమును జదివి ముగించిన పిమ్మట దానినిగూర్చి నలుగురితో నాలుగు మాటలు చెప్పవలెనని తోఁచుట మనుష్యులకు సహజము. కాని యా చెప్పెడు మాటలు తఱచుగా రెండే: "బాగున్నది", "బాగులేదు". పొరుగింటివారు పంపిన పులుసు బాగున్నదని మన మన్నచో, ఉప్పు సరిపోయినదా, పులుపు మించలేదు గదా యని వారు మరల నడుగుదురు. నవల బాగున్నదన్నచో నేమి బాగున్నదని యడుగువారు లేరు. పులుసుపాటి శ్రద్ధయైనను మనకు పుస్తకమునందు లేకపోవుట విచారింపఁదగిన సంగతి. ఇది యల్పవిషయముగాఁ దోఁపవచ్చును. కాని యొకరు తొందరపడి వ్రాసిన వాక్యము మఱియొకరికిఁ దలుపు మూసివేయఁగలదని నేను స్వానుభవముచేత నెఱిఁగినవాఁడను. కావున దీనినిగూర్చి కొంత వివరముగా వ్రాయఁ బూనితిని.

మా యూరఁ గాలువ యొడ్డున నొక చిన్న పఠనమందిరము కలదు. అందు నవలలు, కథాసంపుటములు ఒక బీరువాలోను, వంట, కుట్టుపని, అల్లిక, పూలతోట మొదలగువానిని నేర్పెడు పుస్తకములు వేఱొక బీరువాలోను ఉన్నవి. పుస్తకమును దిరిగి యిచ్చువారు బల్లమీఁద నుంచిన యొక లావుపాటి పుస్తకములో దానినిగూర్చి తమ యభిప్రాయమును వ్రాయుట యచ్చటి యాచారము. పేరు వ్రాయ నక్కఱలేదు. తేదీ వేసినఁ జాలును. ఇరువది యేండ్లలో నిట్టివి మూఁడు నిండినవి. క్రొత్తగా నేయే పుస్తకములు కొనవలెనో నిర్ణయించుటకై యీ మూఁటిని జదివి చెప్పుమని గత వేసవిలో నాకుఁ బని యొప్పగించిరి. పదిదినములు గూర్చుండి చదివితిని. అందు నేను జూచిన వ్రాతలనే యిచ్చట పరిశీలింపఁదలఁచితిని. వ్రాసినవారు వాడుకమాటలలో వ్రాసికొనిరి; నేను నా ధోరణిలోనికి మార్చి చెప్పుచున్నాను.

నన్ను మొట్టమొదట నాశ్చర్యపఱచినవి పనులు నేర్పెడు పుస్తకములపై వ్రాసిన మాటలు. ఒక పాత వంటపుస్తకము పేరుక్రింద నొకరు, "ఆవకాయ ఉప్పు మించి నోటఁ బెట్టరాకున్నది, ఈ పుస్తకము పనికిరాదు" అని వ్రాసిరి. రెండు నెలలకు దానిక్రిందనే మఱియొకరు వ్రాసినది చూడుఁడు. "ఇందు ముక్కలు వీశెలలోను, ఉప్పు సోలలలోను చెప్పఁబడినవి. వీశె కిలో కాదు. సుమా రొక కిలో నాలుగువందల గ్రాములు. వీశె యన్నచోటఁ గిలో ముక్కలు వేసినచో ఉప్పు మించక మానదు. మఱియు నీ కొలత కల్లుప్పునకు. ఇప్పటి పొట్లములలోని మెత్తనియుప్పు సోలలోఁ గూరుకొని యెక్కువ తూఁగును. నేను ముక్కలు సరిగాఁ దూఁచి, ఉప్పు ముప్పాతికవంతు వేసితిని, కాయ నిలిచినది. ఏ యుప్పో చెప్పకపోవుట పుస్తకము తప్పు. పాళ్లు మాత్రము తప్పు కాదు."

1956 నాఁటి చట్టముచేత దేశమున మెట్రిక్ కొలతలు ప్రవేశించి వీశెలు, సోలలు మఱుఁగుపడిన పిమ్మట నెన్ని మంచి పుస్తకము లీ విధముగా నిందపడియుండునో గదా! ఆ రెండవ యామె వ్రాసిన యేడెనిమిది వాక్యములలో గ్రంథమునకు న్యాయము జరిగినది. తరువాతి చదువరికి దారి దొరకినది.

కుట్టుపుస్తకము క్రింద నొక గుండ్రని దస్తూరిలో నిట్లున్నది: "చెప్పినట్లే కత్తిరింపఁగా రవికచేతులు రెండును ఒకే వైపువి వచ్చినవి. గుడ్డను మడిచి రెండుపొరలుగాఁ గత్తిరింపవలెనని యిందు లేదు. బొమ్మలోని కొలతలలోఁ గుట్టునకు విడువవలసిన గుడ్డ చేరినదో లేదో తెలియదు. చేరలేదనుకొని యరయంగుళము విడిచితిని, సరిపోయినది." పూలతోటను గూర్చిన పుస్తకముపై మఱియొకరు, "ఇది యాంగ్లదేశపు తోటకు వ్రాసినదానికిఁ దెనుఁగు. దక్షిణపుగోడ దాపున బాగుగా నెండ తగులునట్లు నాటుమనుచున్నది. అట్లు నాటిన మొక్కలు మా పెరటిలో వైశాఖమున మాడిపోయినవి. మల్లెను మార్గశిరమునఁ గత్తిరించినచో వేసవికి విరివిగా మొగ్గ తొడుగును. ఈ సంగతి మా యత్తగారు చెప్పినది; పుస్తకమున లేదు" అని వ్రాసిరి.

వీరిలో నొక్కరును పండితులు కారు. అయినను వీరి వ్రాతలలో విమర్శకు వలసిన లక్షణము లన్నియు నున్నవి. పుస్తకము చెప్పినదేమో చెప్పిరి, తాము చేసినదేమో చెప్పిరి, ఫలితమేమో చెప్పిరి, లోపము పుస్తకముదో, తమ చేతిదో, కాలముదో విడదీసిరి. పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. పాడైన గుడ్డ కన్నులయెదుట నుండఁగా నబద్ధమాడుటకుఁ జోటెక్కడిది?

ఇఁక మొదటి బీరువాకు వత్తము. నవలలక్రింద వ్రాసిన యభిప్రాయములను జదువఁగా వేఱొక లోకమునఁ బడినట్లయినది. "నీతిదాయకము", "అందఱును జదువఁదగినది", "శైలి మృదుమధురము", "ముగింపు విషాదకరము, మార్చినచో బాగుండెడిది" ఇట్టివి పుటలకొలఁది. కొందఱు కథ యంతయుఁ జెప్పివేసి యూరకుండిరి. కొందఱు గ్రంథకర్తకు నమస్కారములు చేసిరి. పుస్తకము తపాలాలో నలిగి వచ్చినదని నవలను నిందించినవారును గలరు. రవికచేతుల సంగతి యంత నిర్భయముగా వ్రాసిన యా గుండ్రని దస్తూరియే యొక నవలక్రింద "ఉత్తమమైన నవల, రచయిత్రిగారి కభినందనములు" అని మాత్రము వ్రాసి తప్పించుకొన్నది.

ఒక్క చేయి యిచ్చట నంత ధైర్యము చూపి యచ్చట నింత పిఱికిదగుట కేమి కారణము? నాకుఁ దోఁచిన కారణ మిది. కుట్టునందును వంటయందును తీర్పు చెప్పు నధికారము తనకుఁ గలదని యామె యెఱుఁగును. ఆ యధికార మామెకు నిత్యము చేసెడు పనివలన వచ్చినది. సాహిత్యవిషయమున నట్టి యధికారము తనకుఁ గలదని యామెతో నెవ్వరును జెప్పలేదు. బడిలోఁ బాఠములకు సారాంశము వ్రాయించితిమి. పరీక్షలో నీతిని వ్రాయించితిమి. నీకు నమ్మకము కలిగినదా, ఏ చోట విసుగు పుట్టినది యని యడుగమైతిమి. పీఠికలలో మిత్రులు చేసెడు స్తోత్రములను జూచి విమర్శ యనఁగా నదియే కాఁబోలు నని జనులు నమ్మిరి. స్త్రీలకుఁ జదువు వచ్చినఁ జాలదు. చదివినదానిపైఁ దమ తీర్పును జెప్పఁగల స్వాతంత్ర్యము రావలెను. అది రానంతవఱకు విద్య సగమే.

మన నవలకు నిజమైన విమర్శ క్రొత్త కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రమునకు వివేకచంద్రిక యని నామాంతరము. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు వివేకచంద్రికావిమర్శనమను పేర దానిపై విమర్శ వ్రాసిరి. సంస్కరణవిషయములయందు శాస్త్రిగారు పంతులుగారికిఁ బ్రతిపక్షులు. అయినను చదువక పొగడెడు పదుగురు మిత్రులకన్నఁ జదివి తప్పు పట్టెడు ప్రతిపక్షి యొక్కఁడు గ్రంథమునకు మేలు. అతఁడు గ్రంథమును లక్ష్యపెట్టినవాఁడు.

ఆ నవలక్రింద మా పుస్తకమునఁ బదునెనిమిదిమంది వ్రాసిరి. పదునేడుగురి మాట యొకటే: తొలినాళ్ల నవల గావున నందఱును జదువవలెనఁట. కడమ యొకరు వ్రాసిన దిది: "బంగారము చేసెదనని నమ్మించి బైరాగి యింటిసొమ్ముతోఁ బాఱిపోయిన ఘట్టమున మా నాయన జ్ఞప్తికి వచ్చిరి. ఏఁడాదిలో రెట్టింపు చేసి యిత్తుమన్నవారిని నమ్మి యిల్లమ్మిన డబ్బు వారి చేతఁ బెట్టిరి. ఇన్నాళ్లును నాయనపైఁ గోపముగా నుంటిని. రాజశేఖరుఁడు మోసపోవుట చదివిన పిమ్మట నా కోపము కొంత తగ్గినది. వర్ణనలు వచ్చినచోటఁ బుటలు విడిచిపెట్టితిని." ఆవకాయను గూర్చిన వ్రాతకు నిది సరియైన తోడు. పుస్తక మేమి చేసినదో, ఎక్కడఁ జేయలేకపోయినదో రెండును నిందుఁ గలవు. నూఱేండ్లకు మించిన పాతనవల యింకను బ్రదికియున్నదనుటకు నాకీ యొక్క సాక్ష్యము చాలును.

ఈ రెండు బీరువాలకు నడుమ గోడ యుండనక్కఱలేదని తమ జీవితముచేతఁ జూపినవారు మాలతీచందూరుగారు. "వంటలు-పిండివంటలు" అను పుస్తకము వ్రాసినది వారే. 1992లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిన "హృదయనేత్రి" నవల వ్రాసినదియు వారే. ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనము" శీర్షికన గృహిణుల ప్రశ్నలకు దశాబ్దములకొలఁది సమాధానము లిచ్చిరి. "పాతకెరటాలు" శీర్షికన నాంగ్లమునఁ బ్రసిద్ధములైన నవలలను తెనుఁగింటికిఁ బరిచయము చేసిరి. 2013లో వారు గతించిరి. కొలతలు సరిగాఁ జెప్పవలెనను శ్రద్ధయు, మనుష్యహృదయమును సరిగాఁ జెప్పవలెనను శ్రద్ధయు నొకే చేతిలో నిముడుననుటకు వారికన్న వేఱు దృష్టాంతము వలదు.

ఇంతవఱకు నితరుల వ్రాతలను బరీక్షించితిని. ఇప్పుడు నా వ్రాత సంగతి చెప్పవలెను.

మూఁడవ పుస్తకము తిరుగవేయుచుండఁగా నొక నవల పేరుక్రింద నా దస్తూరి నాకే కనఁబడినది. పండ్రెండేండ్ల క్రిందటి తేదీ. "ఇందు గృహిణులకుఁ బనికివచ్చు విషయ మేమియు లేదు." ఇంతే. నిజము చెప్పవలసినచో నే నా నవలలో మొదటి యిరువది పుటలును గడపటి ప్రకరణమును మాత్రము చదివితిని. పేరు వ్రాయలేదు. కాని యీ యూర సగముమందికి నక్షరములు దిద్దించినది నేనే. నా దస్తూరి నెఱుఁగనివారు లేరు. నా వాక్యముక్రింద పదునొకండేండ్లు ఖాళీ. వంటపుస్తకమునకుఁ బుటపుటకును పసుపుమరకలున్నవి. ఈ నవల నిన్న కొన్నట్లున్నది.

ఖాళీ తరువాత, గతసంవత్సరపు తేదీతో, నేను గుర్తింపని దస్తూరిలో నొక వ్రాత యున్నది. "కుట్టుపుస్తకము దొరకనందున దీనిని దీసికొనిపోయితిని. పై మాట చూచి మొదట వద్దనుకొంటిని. ఇందలి కోడలు బట్టలు కుట్టి సంపాదించిన డబ్బును బియ్యపుడబ్బాలో దాఁచును. నేనును నట్లే దాఁచుచున్నాను. నా చేతిసొమ్మును నేను దాఁచుకొనుట దొంగతనమెట్లగునని యామె యడిగినచోటఁ బుస్తకము మూసి చాలసేపు గూర్చుంటిని. భర్త మనస్సు కడపట నొక్క యుత్తరముతో మాఱుట నమ్మునట్లు లేదు. పైన వ్రాసినవారు మరల చదువవలెను."

ఆ రాత్రియే చదివితిని. ఆమె చెప్పిన రెండు మాటలును నిజములే: ఆ ప్రశ్న గొప్పది, ఆ ముగింపు బలహీనము. నా వాక్యములో మాత్రము నిజము లేదు. గృహిణులకుఁ బనికివచ్చునది యేదో వారిని జదువనీయకుండఁగనే నేను నిర్ణయించితిని. పదునొకండేండ్లలో నింకెందఱా పుస్తకమును జేతఁ బట్టి, నా వ్రాతను జూచి, మరల బీరువాలోఁ బెట్టిరో! బాలికల చదువునకై జీవితమంతయుఁ బాటుపడితినని చెప్పికొనెడువాఁడను. వారు చదువఁబోయెడు పుస్తకమునకుఁ దాళము వేసినదియు నేనే.

నవలను ఆవకాయవలెఁ బరీక్షింప వీలగునా, ఒక్కొక్కరి రుచి యొక్కొక్కటి గాదా యని కొంద ఱాక్షేపింపవచ్చును. రుచిభేద మున్నమాట నిజమే. ఆవకాయకు మాత్రము లేదా? "మా యింటఁ గారము తక్కువగాఁ దిందుము" అని యొక మాట చేర్చినచోఁ జదువరి తన నాలుకకుఁ దగినట్లు సవరించుకొనును. నవలకును నంతియే. నే నెట్టివాఁడనో, ఎంతవఱకుఁ జదివితినో, ఏ చోట కథ నన్నుఁ బట్టినదో, ఏ చోట నమ్మకము సడలినదో చెప్పిన పిమ్మట నా యభిప్రాయ మెంత విపరీతమైనను నెవ్వరికిని హానిచేయదు. చదువనిచో చదువలేదని వ్రాయుట మర్యాద. ఇతరులు చదువఁదగునో తగదో శాసించుట యభిప్రాయ మనిపించుకొనదు.

చదువరులారా! మీ యింటను వంటపుస్తకముల యంచులమీఁదఁ బెద్దలు వ్రాసికొన్న సవరణ లుండును. వానిని మీరు జాగ్రత్తగా నుంచుకొందురు. ఏలయన నవి చేసి చూచినవారి మాటలు. నవల ముగించిన దినమున నట్టి రెండు వాక్యములు దాని చివరి పుటమీఁద నెవరికి వారు, ముఖ్యముగా మన యాఁడుబిడ్డలు, ఒకరి నడుగక వ్రాయుదురు గాక.

నా పాత వాక్యమును గొట్టివేయుటకుఁ గలము తీసి మానుకొంటిని. కొట్టివేసినచోఁ దప్పు కనఁబడకపోవును. ఆమె వ్రాతక్రింద "పైన మొదటి మాట వ్రాసినవాఁ డప్పటి కీ పుస్తకమును జదువలేదు, ఇప్పుడు చదివినాఁడు" అని వ్రాసి, ఈసారి పేరు పెట్టితిని.