శిగానికి కొలమానం ఎవరిది?

హిప్నాటిజం మీద మనుషుల అభిప్రాయాలను కొలిచే ప్రశ్నావళులు దేశాలు దాటుతున్నాయి. వాటిలో ముఖ్యమైంది స్పెయిన్‌లోని వాలెన్సియా విశ్వవిద్యాలయంలో ఆంటోనియో కాపఫోన్స్ బృందం రూపొందించినది. భయం, స్వీయ అదుపు, జ్ఞాపకం, మాయలాంటి పరిష్కారం మీద నమ్మకం వంటి అంశాలను అది విడివిడిగా కొలుస్తుంది. ఇట్లాంటి పరికరాన్ని కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు తేవాలంటే భాష మారిస్తే సరిపోతుందా? సరిపోదన్నది మా వాదన.

మొదటి చిక్కు పేరుతోనే. 'హిప్నాటిజం' అంటే స్టేజీ మీద మెజీషియన్ ఆట. 'వశీకరణం' అంటే మందుపెట్టుడు, మంత్రాలు. 'సమ్మోహనం' పుస్తకాల మాట. పోచమ్మ, ఎల్లమ్మ కొలుపుల్లో శిగమూగే మాదిగ అవ్వకు ఈ మూడూ చెందవు. "ఆ స్థితిలో మనిషి అదుపు తప్పుతాడా?" అంటే ఆమె అవుననవచ్చు. కొలమానం దాన్ని అపోహ కింద జమకడుతది. రోజూ నోరెత్తనియ్యని ఊర్లో ఆమె మాట చెల్లేది ఆ కాసేపే అన్న సంగతి ప్రశ్నావళిలో ఎక్కడా దొరకదు.

రెండోది, అడిగేది ఎవరన్నది. వెట్టి చేసిన తరాలకు 'ఇంకొకరి ఆజ్ఞకు లోబడటం' ఊహ కాదు. 1978 జగిత్యాల జైత్రయాత్ర అటువంటి లోబాటు మీద తిరుగుబాటే. కాగితం పట్టుకొచ్చిన సారు ముందట "అవును సారూ" అనడం అభిప్రాయం కాదు, జాగ్రత్త. తెలుగు చేసిన ప్రశ్నను తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూసే పద్ధతి మాటల తేడాను పట్టిస్తది గానీ ఈ తేడాను పట్టియ్యదు.

మూడోది ప్రాణాల మీదికొచ్చేది. 2022 జనవరిలో జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపారు. "ఇతరుల మనసును లోబరుచుకునే శక్తి కొందరికి ఉందా?" అని పదిమందిలో అడిగితే వేళ్లు ఎవరి ఇంటి దిక్కు లేస్తాయో చెప్పనక్కరలేదు.

శిగాన్ని మేం కీర్తించడం లేదు. అదే దేవతల పేరున దళిత ఆడపిల్లలను జోగినులను చేశారు. 1988 చట్టం దాన్ని నిషేధించింది. మూఢనమ్మకాన్ని ఎదిరించాల్సిందే, అయితే జనం మాట వినకుండా కాదు.

అందుకే ప్రశ్న రాయకముందే శిగమూగే ఆడవాళ్లతో, బైండ్లవారితో, గోండి, కొలామి మాట్లాడేవాళ్లతో కూర్చోవాలె. "మీకేం అర్థమైంది?" అని ప్రతి ప్రశ్నకూ అడగాలె. జవాబులు ఒంటరిగా, పేరు రాయకుండా తీసుకోవాలె. అక్కడి అంశాలు ఇక్కడి జవాబుల్లో నిలబడతాయో లేదో లెక్కతో తేల్చాలె. నిలబడకపోతే లోపం పరికరానిది. దాన్ని వాడోళ్ల అజ్ఞానం ఖాతాలో రాయొద్దు.